నల్లకోటు బీరువాలో, ఐడీ కార్డు మెడలో

హైటెక్‌ సిటీ అనగానే కోడింగ్‌ చేసేవాళ్లే గుర్తొస్తారు. కానీ ఆ అద్దాల మేడల్లో ఒక్క లైను కోడ్‌ కూడా రాయనివాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లలో ఒక జట్టు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. లా చదివి, బార్‌ కౌన్సిల్లో సనద్‌ తీసుకుని, కోర్టు మెట్లెక్కకుండా నేరుగా కంపెనీ లీగల్‌ టీమ్‌లో కూర్చున్న కుర్రాళ్లు, అమ్మాయిలు. కాంట్రాక్టులు చదువుతారు, ఎన్‌డీఏలు రాస్తారు, అమెరికా బాస్‌ రాత్రి తొమ్మిదింటికి పెట్టే కాల్‌లో కూర్చుంటారు. ఇంట్లోవాళ్లు ‘మా అమ్మాయి లాయర్‌’ అని చుట్టాలకు చెప్పుకుంటారు.

మరి చట్టం ఏమంటుంది? ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం ‘నువ్వు అడ్వకేట్‌వి కాదు’ అంటుంది.

ఇదేమీ కొత్త రూల్‌ కాదు. కానీ 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులతో ఈ పాత రూల్‌కి కొత్త పదును వచ్చింది. ఒకటి మే 20న, రెండోది అక్టోబరు 31న. మీరు లా చదువుతున్నా, లీగల్‌ టీమ్‌లో ఉన్నా, పక్క ఫ్లోర్‌లో టెస్టింగ్‌ చేస్తున్నా, ఈ రెండూ మీకు తగిలేవే. ఎలాగో చూద్దాం.

ముందు ఆ రూల్‌ ఏంటి?

బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా నిబంధనల్లో 49వ రూల్‌ అని ఒకటి ఉంది. సారాంశం ఇది: ప్రాక్టీసు చేసే అడ్వకేట్‌ ఎవరి దగ్గరా ఫుల్‌టైమ్‌ జీతానికి పనిచేయకూడదు. ఉద్యోగంలో చేరితే ఆ సంగతి తన పేరున్న రాష్ట్ర బార్‌ కౌన్సిల్‌కు చెప్పాలి. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రాక్టీసు ఆపాలి. తెలంగాణలో ఎన్‌రోల్‌ అయినవాళ్లు చెప్పాల్సింది తెలంగాణ రాష్ట్ర బార్‌ కౌన్సిల్‌కి.

ఒకప్పుడు లా ఆఫీసర్లకు ఇందులో కొంత వెసులుబాటు ఉండేది. ప్రభుత్వాల్లో, సంస్థల్లో లా ఆఫీసర్లుగా ఉన్నవాళ్లు కొన్ని షరతులతో అడ్వకేట్లుగా కొనసాగే వీలుండేది. 2001లో బార్‌ కౌన్సిల్‌ ఆ వెసులుబాటు తీసేసింది. అదే ఏడాది మొదట్లో హిమాచల్‌ప్రదేశ్‌ విద్యుత్‌ బోర్డు ఉద్యోగి ఒకాయన కేసులో సుప్రీంకోర్టు కూడా జీతం వైపు, నల్లకోటు వైపు ఒకేసారి ఉండటం కుదరదనే తేల్చింది. ఆ కేసులో కోర్టు చూసింది హోదా పేరును కాదు, నియామక పత్రంలో ఏం రాసుంది, రోజూ చేసే పని ఏంటి అన్నదాన్ని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మరి పబ్లిక్‌ ప్రాసిక్యూటర్లకు కూడా జీతమే కదా అంటారా? నిజమే. కానీ వాళ్ల పనే కోర్టులో నిలబడి వాదించడం. అందుకే 2013లో సుప్రీంకోర్టు వాళ్లు అడ్వకేట్లే అని చెప్పింది. గీత ఎక్కడుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కోర్టులో వాదించడమే మీ పని అయితే ఒక లెక్క, మీటింగ్‌ రూమ్‌లో సలహా ఇవ్వడం అయితే ఇంకో లెక్క.

అక్టోబరు 31: లాయర్‌కి రక్షణ, లీగల్‌ టీమ్‌కి కాదు

కథ మొదలైంది అహ్మదాబాద్‌లో. ఓ అప్పు గొడవ కేసులో నిందితుడికి బెయిల్‌ ఇప్పించిన లాయర్‌కే పోలీసులు నోటీసు పంపారు, వచ్చి వివరాలు చెప్పమని. అదే 2025 జూన్‌లో ఈడీ ఇద్దరు సీనియర్‌ లాయర్లకు, అరవింద్‌ దాతార్‌కు, ప్రతాప్‌ వేణుగోపాల్‌కు సమన్లు ఇచ్చింది. ఒక కంపెనీ షేర్ల వ్యవహారంలో న్యాయ సలహా ఇచ్చారన్నదే కారణం. దేశమంతా లాయర్ల సంఘాలు మండిపడ్డాయి. ఈడీ ఆ సమన్లు వెనక్కి తీసుకుంది. సుప్రీంకోర్టు విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది.

అప్పటి చీఫ్‌ జస్టిస్‌ బి.ఆర్‌.గవాయ్‌, జస్టిస్‌ కె.వినోద్‌ చంద్రన్‌, జస్టిస్‌ ఎన్‌.వి.అంజారియా బెంచ్‌ అక్టోబరు 31న తీర్పు చెప్పింది. ఆధారం భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 132వ సెక్షన్‌. పాత ఎవిడెన్స్‌ యాక్ట్‌లో ఇది 126వ సెక్షన్‌. అందులో ‘బారిస్టర్‌, అటార్నీ, ప్లీడర్‌, వకీల్‌’ అని ఉండేది. మన ఊళ్లలో ఇప్పటికీ అనే ‘వకీలుగారు’ చట్టం భాషలోదే అన్నమాట. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ నాలుగు మాటలూ పోయి ‘అడ్వకేట్‌’ ఒక్కటే మిగిలింది.

తీర్పులో లాయర్లకు దక్కినవి ఇవి:

• క్లయింట్‌ కేసు వివరాల కోసం లాయర్‌ని పోలీసులు, దర్యాప్తు సంస్థలు మామూలుగా పిలవడానికి లేదు. చట్టంలో ఉన్న మినహాయింపు వర్తిస్తేనే పిలవాలి. ఉదాహరణకు, నేరం చేయడానికే సలహా అడిగిన సందర్భం.

• అలా పిలిచినా, ఏ మినహాయింపు కింద పిలుస్తున్నారో సమన్లలో స్పష్టంగా రాయాలి. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి తన సంతృప్తిని రాతపూర్వకంగా నమోదు చేసి సమ్మతించాలి. దాన్ని కోర్టులో సవాలు చేయొచ్చు.

• లాయర్‌ ఫోన్‌, ల్యాప్‌టాప్‌ కావాలంటే కోర్టు ముందే పెట్టించాలి. కోర్టు అభ్యంతరాలు వినాలి. తెరవాల్సి వస్తే క్లయింట్‌, లాయర్‌ ఎదుటే, వాళ్లు ఎంచుకున్న టెక్నికల్‌ మనిషి సాయంతో తెరవాలి. మిగతా క్లయింట్ల రహస్యాలు బయటపడకూడదు.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాతి మాటే గచ్చిబౌలి నుంచి నానక్‌రామ్‌గూడ దాకా వినాల్సింది. కంపెనీలో ఉద్యోగం చేసే ఇన్‌హౌస్‌ కౌన్సిల్‌కు 132వ సెక్షన్‌ రక్షణ లేదు. ఎందుకంటే వాళ్లు కోర్టుల్లో ప్రాక్టీసు చేసే అడ్వకేట్లు కారు. జీతం ఇచ్చే యజమానికి కట్టుబడి ఉంటారు కాబట్టి స్వతంత్రంగా ఉండలేరన్నది కోర్టు ఆలోచన.

చిన్న కిటికీ ఒకటి తెరిచి ఉంచింది. 134వ సెక్షన్‌ ప్రకారం, కంపెనీ పెట్టుకున్న బయటి న్యాయ సలహాదారుకు ఇన్‌హౌస్‌ వాళ్లు రాసేవాటికి రక్షణ ఉంటుంది. కంపెనీకీ, దాని సొంత లీగల్‌ ఉద్యోగికీ మధ్య నడిచే మాటలకు మాత్రం ఉండదు.

ఒక మెయిల్‌ కథ

అనుకుందాం. మాదాపూర్‌లో ఓ అమెరికా కంపెనీ సెంటర్‌. యూజర్ల డేటా లీకైందని సెక్యూరిటీ టీమ్‌కి అనుమానం. మేనేజర్‌ వెంటనే లీగల్‌లో ఉన్న అమ్మాయికి మెయిల్‌ పెట్టాడు: ‘మనం ఫలానా ప్యాచ్‌ ఆర్నెల్లుగా వేయలేదు. ఇది మన తప్పేనా?’ పైన సబ్జెక్టులో ‘ప్రివిలేజ్డ్‌ అండ్‌ కాన్ఫిడెన్షియల్‌’ అని పెద్దక్షరాల్లో కొట్టాడు. అమెరికా ఆఫీసులో అందరూ అలాగే చేస్తారు మరి.

అమెరికాలో అది పనికొస్తుంది. అక్కడి సుప్రీంకోర్టు 1981లో అప్‌జాన్‌ కేసులో, కంపెనీ లాయర్‌తో ఉద్యోగులు న్యాయ సలహా కోసం మాట్లాడిన మాటలకు రక్షణ ఉందని చెప్పింది. ఆ రక్షణ కంపెనీది. యూరప్‌లో ఇంకో దారి. 2010లో అక్జో నోబెల్‌ కేసులో యూరప్‌ అత్యున్నత న్యాయస్థానం, యూరోపియన్‌ కమిషన్‌ చేసే కాంపిటీషన్‌ దర్యాప్తుల్లో ఇన్‌హౌస్‌ లాయర్‌ మెయిళ్లకు రక్షణ లేదంది. మన సుప్రీంకోర్టు ఇప్పుడు ఆ రెండో దారికి దగ్గరగా నిలబడింది.

అంటే మాదాపూర్‌ మెయిల్‌ మీద ఎంత పెద్ద అక్షరాలు కొట్టినా, ఇక్కడి దర్యాప్తులో అది మామూలు ఆఫీసు మెయిలే. ఇది పనికిమాలిన భయం కాదు. డిజిటల్‌ పర్సనల్‌ డేటా ప్రొటెక్షన్‌ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్‌ 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు ఏడాదిన్నర గడువు తర్వాత అమల్లోకి వస్తాయి. డేటాకు తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. డేటా లీకైతే 72 గంటల్లో డేటా ప్రొటెక్షన్‌ బోర్డుకు పూర్తి వివరాలు ఇవ్వాలి. ఆ 72 గంటల్లో కంపెనీ లోపల ఎన్ని మెయిళ్లు తిరుగుతాయో ఊహించుకోండి. వాటిలో ప్రతి ఒక్కటీ రేపు సాక్ష్యం కావొచ్చు.

మరి ఏం చేయాలి? ఫోన్‌ తీసి బయటి అడ్వకేట్‌కు చేయాలి. నిజాలు సేకరించమని ఆ అడ్వకేటే అడగాలి, జవాబులు ఆయనకే లేదా ఆమెకే వెళ్లాలి. అలాగని బయటి లాయర్‌ని సీసీలో పెట్టేస్తే చాలదు. సలహా కోసం రాసిందై ఉండాలి.

లీగల్‌ టీమ్‌ మీ లాయర్‌ కాదు

ఇది టెకీలకు ప్రత్యేకం. ఆఫీసులో ఏదో ఎంక్వైరీ వచ్చింది. హెచ్‌ఆర్‌ ఒకరు, లీగల్‌ ఒకరు మిమ్మల్ని రూమ్‌లో కూర్చోబెట్టి, ‘మాతో ఓపెన్‌గా చెప్పు, ఇక్కడ మాటలు బయటకు పోవు’ అన్నారు. లీగల్‌ వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, వాళ్ల క్లయింట్‌ కంపెనీ. మీరు కాదు. మీరు చెప్పింది మీమీదే వాడే హక్కు కంపెనీకి ఉంటుంది. ఇప్పుడీ తీర్పుతో, బయటి దర్యాప్తు సంస్థ అడిగితే ఆ మాటలకు అడ్డుగోడ కూడా లేదు.

బలవంతంగా రాజీనామా చేయించినా, బాండ్‌ డబ్బులు కట్టమన్నా, పోటీ కంపెనీలో చేరొద్దని నోటీసు ఇచ్చినా, ముందు మీ సొంత అడ్వకేట్‌తో మాట్లాడండి. కూకట్‌పల్లి కోర్టుల దగ్గరో, రంగారెడ్డి జిల్లా కోర్టుల దగ్గరో, హైకోర్టు దగ్గరో ప్రాక్టీసు చేసేవాళ్లు. మీరు వాళ్లకు చెప్పింది మీ అనుమతి లేకుండా వాళ్లు బయటపెట్టకూడదు. మీరు ఫీజు కట్టేది సలహాకి మాత్రమే కాదు, ఆ మౌనానికి కూడా. ఇంకో మాట. ఆ సంభాషణ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు మెయిల్‌లో చేయకండి.

మే 20: మూడేళ్ల మెలిక

ఇప్పుడు లా స్టూడెంట్ల దగ్గరకు వద్దాం. జూనియర్‌ సివిల్‌ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ఒకప్పుడు ఉన్నదే. 2002లో కోర్టే తీసేసింది, లా అయిపోగానే నేరుగా పరీక్ష రాసే వీలు కల్పించింది. ఇరవై ఏళ్ల అనుభవం చూశాక మళ్లీ పెట్టింది. కోర్టు హాల్‌ ముఖం చూడని పాతికేళ్లవాళ్లు ప్రాణాల మీద, ఆస్తుల మీద తీర్పులు చెప్పడం ఇబ్బందిగా ఉందన్నది హైకోర్టుల అనుభవం.

లెక్క ఎలా అంటే, ప్రొవిజనల్‌ ఎన్‌రోల్‌మెంట్‌ తేదీ నుంచే మొదలవుతుంది. పదేళ్ల అనుభవమున్న అడ్వకేట్‌ సర్టిఫికెట్‌ ఇవ్వాలి, దానిమీద న్యాయాధికారి ఆమోదం ఉండాలి. జడ్జీల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్నీ కలుపుకోవచ్చు.

మరి కంపెనీలో చేసిన మూడేళ్లు? రూల్‌ 49 ప్రకారం ఆ కాలంలో మీ ప్రాక్టీసే ఆగిపోయి ఉంటుంది. ఇక ‘ఈ అమ్మాయి నా కోర్టులో ప్రాక్టీసు చేసింది’ అని సంతకం పెట్టేదెవరు?

ఇక్కడే అసలు చిక్కు. శామీర్‌పేటలోని నల్సార్‌ లా యూనివర్సిటీ పుట్టింది 1998లో. మాదాపూర్‌లో సైబర్‌ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించిందీ 1998లోనే. రెండూ ఒక ఈడువి. చదువు అప్పు నెత్తిమీద ఉన్న పిల్లలకు సైబర్‌ టవర్స్‌ వైపు దారి నెల తిరగ్గానే జీతం చూపిస్తుంది. కోర్టు వైపు దారిలో, సీనియర్‌ ఛాంబర్‌లో జూనియర్‌గా చేరితే, మొదటి రెండు మూడేళ్లు పెట్రోల్‌ ఖర్చులు వస్తే గొప్ప. ఇంట్లో వెన్నుదన్ను ఉన్నవాళ్లే మూడేళ్లు ఓపిక పట్టగలరు. లేనివాళ్లు బ్యాడ్జ్‌ వేసుకుంటారు. అంటే రేపటి జడ్జి కుర్చీ దాకా వెళ్లే దారి, ఇవాళ నాన్న బ్యాంకు బ్యాలెన్స్‌ దగ్గరే సగం మూసుకుపోతోంది. అనుభవం కావాలన్న తీర్పు ఉద్దేశం సరైనదే. కానీ ఆ అనుభవం సంపాదించే మూడేళ్లూ అన్నం ఎవరు పెడతారన్నది మిగిలిన ప్రశ్న. జూనియర్లకు సీనియర్లు ఇచ్చే స్టైపెండ్‌ దయగా కాకుండా బాధ్యతగా మారకపోతే ఈ నిబంధన పేదింటి పిల్లలకే ఎక్కువ బరువవుతుంది.

మారబోయి ఆగిన చట్టం

ఇన్‌హౌస్‌ వాళ్లకు గుర్తింపు ఇచ్చే ప్రయత్నం జరగలేదా? జరిగింది. 2025 ఫిబ్రవరి 13న కేంద్రం అడ్వకేట్ల చట్టానికి సవరణ ముసాయిదా బయటపెట్టింది. అందులో ‘లీగల్‌ ప్రాక్టీషనర్‌’ అన్న మాటకు అర్థం పెంచి, కార్పొరేట్‌ సంస్థల్లో, విదేశీ లా ఫర్మ్‌ల్లో న్యాయపని చేసే లా గ్రాడ్యుయేట్లనూ చేర్చారు. కానీ అదే ముసాయిదాలో కోర్టుల బహిష్కరణపై నిషేధం లాంటివి ఉన్నాయి. లాయర్లు రోడ్డెక్కారు. పది రోజులు తిరగకముందే కేంద్రం వెనక్కి తగ్గింది, మళ్లీ రాస్తామంది. ఆ గొడవలో ఇన్‌హౌస్‌ వాళ్ల సంగతి ఎవరికీ వినపడకుండానే పోయింది. వాళ్లకు బార్‌ అసోసియేషన్‌ లేదు, ధర్నా చేయడానికి కోర్టు గేటూ లేదు.

నా మటుకు నాకు అనిపించేది ఇది. కంపెనీ లాయర్లందరికీ పూర్తి రక్షణ ఇచ్చేస్తే, దాచాలనుకున్న ప్రతి మెయిల్‌నూ లీగల్‌ టీమ్‌కి సీసీ పెట్టేసి తప్పించుకుంటారు. ఆ భయం నిజమైనదే. కానీ ఏ రక్షణా లేకపోతే ఇంకో నష్టం ఉంది. మేనేజర్‌ తప్పు జరిగిందని రాతలో అడగడం మానేస్తాడు. కారిడార్‌లో చెవిలో చెబుతాడు, లేదా అసలు చెప్పడు. కంపెనీ తప్పు చేయకముందే ‘ఆగండి’ అనగలిగేది లోపలున్న లాయరే. ఆమె దగ్గరకు మాట చేరకపోతే నష్టపోయేది యూజర్లు, ఉద్యోగులు. న్యాయ సలహా కోసమే నడిచిన సంభాషణకు, అదీ బార్‌ కౌన్సిల్‌ క్రమశిక్షణ కిందకు వచ్చే ఇన్‌హౌస్‌ లాయర్‌తో నడిచినప్పుడు, పరిమితమైన రక్షణ ఇవ్వొచ్చు. అది చేయాల్సింది పార్లమెంటు. ముసాయిదా మళ్లీ వచ్చినప్పుడు ఈ మాట అడగాల్సింది మీరే.

అప్పటిదాకా ఇవి గుర్తుంచుకోండి

ఎన్‌రోల్‌మెంట్‌ ఫీజు: 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం జనరల్‌ వాళ్లకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. స్టాంపు డ్యూటీ వేరు. అంతకుమించి రకరకాల పేర్లతో వేలకు వేలు అడగడానికి లేదు. అడిగితే ఏ పద్దు కింద అని రసీదు అడగండి.

ఉద్యోగంలో చేరితే: బార్‌ కౌన్సిల్‌కు రాతలో చెప్పండి, కాపీ దాచుకోండి. రేపు ప్రాక్టీసుకి తిరిగొచ్చినప్పుడు ఆ కాగితమే మీ నిజాయతీకి సాక్ష్యం.

లింక్డ్‌ఇన్‌: ఇన్‌హౌస్‌లో ఉంటూ పేరు ముందు ‘అడ్వకేట్‌’ అని పెట్టుకోకండి. ‘లీగల్‌ కౌన్సిల్‌’ అనండి చాలు. ప్రాక్టీసు ఆపి ఉన్న కాలంలో కోర్టులో వకాల్తా వేస్తే అది ఇంకా పెద్ద సమస్య. అర్హత లేకుండా కోర్టులో ప్రాక్టీసు చేస్తే అడ్వకేట్ల చట్టం 45వ సెక్షన్‌ కింద ఆర్నెల్ల దాకా జైలు.

రిటైనర్‌ దారి: కంపెనీకి ఉద్యోగిగా కాకుండా, నెలవారీ ఫీజు మీద బయటి అడ్వకేట్‌గా పనిచేస్తే ప్రాక్టీసు నిలబడుతుంది, కోర్టుకీ వెళ్లొచ్చు. కానీ పేరు ‘కన్సల్టెంట్‌’ అని పెట్టి, పీఎఫ్‌ కోసి, పొద్దున తొమ్మిదికి స్వైప్‌ చేయమంటే అది ఉద్యోగమే. ఇందాక చెప్పిన మాట ఇదే. చూసేది హోదా పేరును కాదు, పనిని.

జడ్జి కావాలన్న ఆశ ఉంటే: మొదటి మూడేళ్లు కోర్టులో పెట్టి, తర్వాత కంపెనీకి వెళ్లడం మేలు. ఎప్పుడో వెనక్కొచ్చి ఆ మూడేళ్లు చేద్దామంటే, అప్పటికి ఈఎంఐలు ఒప్పుకోవు.

రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగితే మూసీ ఒడ్డున హైకోర్టు దగ్గరే. క్యాంపస్‌ ప్లేస్‌మెంట్‌ ఆఫర్‌ చేతికొచ్చిన వారంలో, సంతకం పెట్టకముందే, ఒక పూట అక్కడికెళ్లి వెనక బెంచీలో కూర్చుని వాదనలు వినండి. ఆ తర్వాత సంతకం పెట్టినా, పెట్టకపోయినా, ఏం తీసుకుంటున్నారో, ఏం వదులుకుంటున్నారో తెలిసే చేస్తారు.